కంప్యూటర్ ఉన్న చైన్ సా మొరాయిస్తే: ఏం చూడాలి, ఏ వరసలో చూడాలి

పోయినేడు సరుగుడు కోత మధ్యలో మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, మెషీన్ చచ్చింది. లోపల కంప్యూటర్ పోయిందంట. కొత్తది వేయాలంటే మెషీన్ రేటులో సగం అవుతుందంట." కందుకూరు దగ్గర వాళ్ల తోట. కూలీలు చెట్ల కింద కూర్చున్నారు, లారీ గట్టు మీద నిలబడి ఉంది, వెయిటింగ్ చార్జీ నడుస్తోంది. పావుగంట బాగానే కోసి ఆగిపోతుందట, కాసేపటికి మళ్లీ స్టార్టవుతుందట, మళ్లీ పావుగంటే.

"చల్లారిందా?" అన్నాను. గంటయిందన్నాడు. "అయితే ఈసారి ఆగిపోయినప్పుడు బాగా చల్లారనిచ్చి, పెట్రోల్ మూత మెల్లగా లూజు చెయ్యి. ఎటువైపు గాలి పోతుందో విను." సాయంత్రం మళ్లీ ఫోన్ వచ్చింది. మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోయిందట. ట్యాంకులోకి గాలి రావాల్సిన సన్నటి దారి రంపపుపొట్టుతో మూసుకుపోయింది. పెట్రోల్ తగ్గేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి, ఇంజిన్‌కి పెట్రోల్ అందడం మానేసింది. బాగుచేయడానికి పైసా ఖర్చు కాలేదు.

ఇలాంటివి నాలుగైదు చూశాక నాకొకటి అర్థమైంది. ఈ మెషీన్లలో కంప్యూటర్ పోవడం అరుదు. కంప్యూటర్ ఉందన్న భయంతో చూడాల్సినవి చూడకుండా షాపుకి ఎత్తుకెళ్లడమే ఎక్కువ. ఇంకో సంగతి కూడా ఉంది. ఇంజిన్‌కి వచ్చిన జబ్బుని కంప్యూటర్ కొన్నాళ్లు కప్పిపుచ్చుతుంది. నా లెక్కలో అసలు భయపడాల్సింది దానికి. అది తర్వాత చెబుతాను.

లోపల ఏముందో ముందు తెలుసుకోండి

పాత చైన్ సా కార్బొరేటర్‌కి ఎల్, హెచ్ అని రెండు స్క్రూలుంటాయి. మేస్త్రి చెవి పెట్టి వింటూ, సన్న స్క్రూడ్రైవర్‌తో అటూ ఇటూ తిప్పి, గాలీ పెట్రోలూ సరిపడా కలిసేలా చేస్తాడు. ఎలక్ట్రానిక్ మెషీన్‌లో ఆ స్క్రూలు ఉండవు. వాటి బదులు కరెంటుతో తెరుచుకుని మూసుకునే చిన్న వాల్వు ఉంటుంది. దాన్ని సోలెనాయిడ్ అంటారు. ఎంత పెట్రోల్ వదలాలో ఆ వాల్వుకి చెప్పేది ఇగ్నిషన్ (స్పార్క్ పుట్టించే భాగం) పక్కనే ఉండే చిన్న యూనిట్. అందరూ కంప్యూటర్ అనేది దీన్నే. దానికి బ్యాటరీ లేదు. ఫ్లైవీల్ తిరిగినప్పుడు కాయిల్లో పుట్టే కరెంటుతోనే పనిచేస్తుంది.

ఆ యూనిట్ ప్రధానంగా కనిపెట్టుకుని ఉండేది ఇంజిన్ వేగాన్ని. పెట్రోల్ కొంచెం తగ్గించి చూస్తుంది. వేగం పెరిగిందా, పడిపోయిందా? దాన్నిబట్టి ఎక్కువతక్కువలు సరిచేసుకుంటుంది. కట్టేసినా ఆ లెక్క గుర్తుంటుంది, మర్నాడు అక్కడి నుంచే మొదలుపెడుతుంది. స్టిల్ కంపెనీ దీన్ని ఎం-ట్రానిక్ అంటుంది, హస్క్‌వర్నా ఆటోట్యూన్ అంటుంది. ఇంకో అడుగు ముందుకేసి 2019లో స్టిల్ ఎంఎస్ 500ఐ అనే మోడల్ తెచ్చింది. అందులో కార్బొరేటరే లేదు, కార్లలో మాదిరి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్. 79.2 సీసీ, 5 కిలోవాట్లు, బారూ (చైను తిరిగే పొడవాటి రేకు), చైనూ లేకుండా బరువు 6.2 కిలోలు. పెద్ద మొద్దులు కోసేవాళ్లకి అంత బలం అంత తక్కువ బరువులో దొరకడం చిన్న సంగతి కాదు.

కొనే ముందు: మీకిది కావాలా?

ఏడాదికి రెండు కొబ్బరిచెట్లు, ఒక వేపకొమ్మ కోసేవాళ్లకి అక్కర్లేదు. స్క్రూల కార్బొరేటర్ ఉన్న మంచి మెషీన్ తీసుకోండి. ఊళ్లో స్ప్రేయర్లు బాగుచేసే కుర్రాడు కూడా దాన్ని విప్పగలడు.

రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోసేవాళ్ల సంగతి వేరు. తెల్లవారుజామున చలిలో పెట్టిన సెట్టింగ్ మిట్టమధ్యాహ్నం ఎండలో సరిపోదు. ఎయిర్ ఫిల్టర్‌కి పొట్టు పట్టేకొద్దీ గాలి తగ్గుతుంది. విశాఖ తీరంలో కోసే మెషీన్‌నే అరకు కాఫీతోటల్లో సిల్వర్ ఓక్ కొమ్మలు కొట్టడానికి తీసుకెళ్తే, అక్కడ ఎత్తు సుమారు 900 మీటర్లు, గాలి సాంద్రత దాదాపు పదో వంతు తక్కువ. పాత మెషీన్‌కైతే ప్రతిసారీ స్క్రూ తిప్పాలి. తిప్పడం రానివాడు తిప్పితే పిస్టన్ కాలిపోతుంది. ఎలక్ట్రానిక్ దానికి ఈ బాధ లేదు.

కొందామని తేల్చుకున్నాక షాపులో బ్రోచర్ పక్కన పెట్టి ఒకటే అడగండి: "మీ దగ్గర దీనికి కలిపే డయాగ్నస్టిక్ కేబుల్ ఉందా? ఇప్పుడు ఒక మెషీన్‌కి కలిపి చూపిస్తారా?" రెండు పెద్ద కంపెనీలకీ డీలర్ల కోసం ఇలాంటి పరికరం ఉంది. మెషీన్ ఎన్ని గంటలు తిరిగింది, ఏ లోపాలు నమోదయ్యాయి అన్నది అందులో కనిపిస్తుంది. "హెడ్డాఫీసుకి పంపిస్తామండీ" అన్నారంటే ఆ షాపు మీ కోత రోజుల్లో మీకు ఉపయోగపడదు. మీ ఊరికి రెండు గంటల దూరం లోపు కేబుల్ ఉన్న షాపు లేకపోతే, నేనైతే కొనను. మెషీన్ ఎంత గొప్పదైనా సరే.

అమెరికాలో ఉన్న అన్నయ్యనో తమ్ముణ్నో తెమ్మనే ఆలోచన కూడా వద్దు. ఒకసారి పెట్రోల్ పోసిన ఇంజిన్‌ని విమానాల్లో సాధారణంగా రానివ్వరు. ఎలాగో తెచ్చినా ఆ మోడల్‌కి ఇక్కడ పార్టులు దొరకడం కష్టం.

పెట్రోల్ దగ్గర పిసినారితనం వద్దు

పెట్రోల్, 2టీ (టూ-స్ట్రోక్) ఆయిల్ కలిపే పాళ్లు ఇప్పటి మెషీన్లలో ఎక్కువగా 50కి 1. లీటరుకి 20 మిల్లీలీటర్లు, 5 లీటర్లకి 100. కళ్లతో అంచనా వేయకండి, మందుసీసా మూతతోనైనా కొలవండి. ఆయిల్ డబ్బా మీద జాసో ఎఫ్‌డీ అని గ్రేడ్ ఉంటే మంచిది. బుల్లెట్ బండిలో పోసే 4టీ ఆయిల్ పోయకూడదు. పడవ మోటార్లకి వాడే టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ కూడా గాలితో చల్లబడే ఈ ఇంజిన్‌కి పనికిరాదు.

ఇక ఇథనాల్ గొడవ. 2022 నాటికి మన బంకుల్లో 10 శాతం ఇథనాల్ కలిసింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం పెట్రోల్ అమ్మకం మొదలైంది. 2025 నాటికి అదే మామూలైపోయింది. ఇథనాల్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అది కాలడానికి గాలి తక్కువ చాలు. ఉత్త పెట్రోల్ ఒక కిలో పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ కలిస్తే 13.5 దగ్గరికి వస్తుంది. అంటే పాత పెట్రోల్‌కి బిగించిన స్క్రూలతోనే ఇది వాడితే ఇంజిన్‌కి ఇంధనం చాలదు, వేడెక్కుతుంది. స్క్రూలున్న మెషీన్లకి 10 శాతం దాటొద్దని మాన్యువల్ చెబుతుంది. ఎం-ట్రానిక్ ఉన్నవాటికి 25 లేదా 27 శాతం దాకా ఫరవాలేదని కొన్ని స్టిల్ మాన్యువళ్లలో ఉంది. ఎందుకంటే వాల్వు తనంతట తానే ఇంకాస్త ఎక్కువ వదులుతుంది. మన దేశంలో ఈ ఎలక్ట్రానిక్స్‌కి డబ్బు పెట్టడానికి ఇదొక్కటే చాలు. మీ మోడల్ మాన్యువల్లో ఏం రాశారో మాత్రం చూసుకోండి, దేశాన్నిబట్టి ఆ అంకె మారుతుంది.

అయితే ఇథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. ఆ పనిని ఏ కంప్యూటరూ ఆపలేదు. వానాకాలంలో సగం నిండిన డబ్బాని నెలలు ఉంచితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. ట్యాంకులో ఫిల్టర్ పీల్చేది ఆ అడుగు నుంచే. కాబట్టి రెండు మూడు వారాలకి సరిపడా మాత్రమే కలపండి. డబ్బా మీద తేదీ రాయండి. నెల దాటినదాన్ని చైన్ సాలో పోయకండి.

పెట్రోల్లో ఎంత ఇథనాల్ ఉందో ఇంట్లోనే చూడొచ్చు. ఆయిల్ కలపక ముందు 100 మిల్లీలీటర్ల పెట్రోల్‌ని గీతలున్న గాజుసీసాలో పోసి, 10 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, మూతపెట్టి ఊపి, కదపకుండా ఉంచండి. అడుగున నీటి పొర 10 దగ్గరే ఆగితే ఇథనాల్ లేదు. 30 దగ్గరికి వస్తే 20 శాతం ఉంది. పొయ్యికీ బీడీకీ దూరంగా చేయండి, ఆ పెట్రోల్‌ని మళ్లీ వాడకండి.

స్టార్ట్ చేసేటప్పుడు పాత అలవాటు మానండి

మెషీన్‌ని నేల మీద ఆనించి, చైన్ బ్రేక్ (చైను తిరగకుండా ఆపేది) వేసి, వెనక పిడిని బూటుతో తొక్కిపెట్టి తాడు లాగండి. ఇది మారలేదు. మారింది మీట. పాతవాటిలో చోక్ వేసి, దగ్గు వినపడగానే సగం చోక్‌కి తెచ్చి, మళ్లీ లాగడం. కొత్త ఎం-ట్రానిక్ మోడళ్లలో స్టార్ట్ అని ఒక్క స్థానమే ఉంటుంది. పాత అలవాటులో ఉన్న మేస్త్రి దాన్ని పైకీ కిందకీ ఆడిస్తూ, యాక్సిలరేటర్ నొక్కుతూ లాగి ప్లగ్గుని తడిపేస్తాడు. పెట్రోల్ బుడ్డ (వేలితో నొక్కి పెట్రోల్ ఎక్కించే మెత్తటి బుడ్డ) ఉంటే ఐదారుసార్లు నొక్కండి, మీట స్టార్ట్‌లో పెట్టండి, తాడు లాగండి. ఆ కాసేపు చెయ్యి యాక్సిలరేటర్ మీదకి పోనివ్వకండి.

కొన్ని మోడళ్లలో ఆపే మీట స్ప్రింగులా తన స్థానానికి తిరిగొచ్చేస్తుంది. అది విరిగిందేమో అనుకోకండి.

మెషీన్‌కి నేర్చుకునే టైమ్ ఇవ్వండి

కొత్తగా కొన్నప్పుడు, ఎయిర్ ఫిల్టర్ రకం మార్చినప్పుడు, సైలెన్సర్ జాలీ మార్చినప్పుడు, కొండమీదికి తీసుకెళ్లినప్పుడు మెషీన్ కాసేపు తికమకపడుతుంది. ఆటోట్యూన్ రకాల్లో ప్రత్యేకంగా చేసేదేమీ లేదు. ఫుల్ యాక్సిలరేటర్ మీద మామూలుగా కొన్ని మొద్దులు కోయండి, కొన్ని నిమిషాల్లో సర్దుకుంటుంది. ఉత్తినే గాల్లో రేజ్ చేస్తే నేర్చుకోదు, లోడ్ ఉండాలి.

ఎం-ట్రానిక్ మోడళ్లకి చాలావాటికి మాన్యువల్లోనే క్యాలిబ్రేషన్ పద్ధతి, అంటే పెట్రోల్ లెక్కని మెషీన్ చేత కొత్తగా సరిచేయించే పద్ధతి, ఉంటుంది. దాదాపుగా ఇలా: బారూ చైనూ బిగించి ఉండాలి. చైను మరీ బిగువుగా ఉండకూడదు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉండాలి. మీట స్టార్ట్ స్థానంలోనే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా అర నిమిషం నుంచి నిమిషం లోపు నడవనివ్వండి. తర్వాత చైన్ బ్రేక్ వదిలి, మీట కదలకుండా చూసుకుంటూ, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకోండి. వేగం పైకీ కిందకీ ఊగుతుంది. భయపడి వదిలేయకండి. 30 సెకన్లో ఇంకాస్త ఎక్కువో అయ్యాక వేగం స్పష్టంగా ఒక్కసారి పడిపోతుంది. అప్పుడు వదలండి, అయిపోయింది. మధ్యలో వదిలేస్తే మొదటి నుంచీ చేయాలి. ఆ అర నిమిషం చైను పూర్తి వేగంతో తిరుగుతుంటుంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి, దగ్గర్లో మనిషీ పశువూ ఉండకూడదు.

ఈ పనితో జబ్బున్న మెషీన్ బాగుపడదు. మా వైపు కొందరు దీన్ని దిష్టి తీసినట్టు ప్రతిదానికీ చేస్తున్నారు. ఫిల్టర్ మూసుకుపోయిన మెషీన్‌కి క్యాలిబ్రేషన్ చేస్తే, మూసుకుపోయిన ఫిల్టర్‌కి తగినట్టు అది సర్దుకుంటుంది, అంతే.

మొరాయించినప్పుడు చూసే వరస

అసలు పని ఇది. వరస తప్పకండి. చవకైనది ముందు, ఖరీదైనది చివర.

మొట్టమొదట చైను చూడండి, ఇంజిన్ కాదు. "పవర్ తగ్గింది" అని వచ్చే మెషీన్లలో చాలావాటికి చైను మొద్దుబారి ఉంటుంది. పదునున్న చైను చెక్కముక్కల్లాంటి పొట్టు విసురుతుంది, పదును పోయినది పిండిలాంటి పొట్టు రాలుస్తుంది. ఎలక్ట్రానిక్స్ పెట్రోల్ సర్దుతుందే గానీ ఆకురాయి పట్టదు కదా.

తర్వాత ట్యాంకులో ఉన్నది పూర్తిగా వంపేసి, ఈరోజు కలిపిన పెట్రోల్ పోయండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

తర్వాత మూత. పావుగంట నడిచి ఆగిపోయే జబ్బైతే, మొదట్లో చెప్పినట్టు చల్లారాక మెల్లగా మూత తిప్పి గాలి లోపలికి పోతోందేమో వినండి. పోతోందంటే ట్యాంకు గాలిదారి మూసుకుపోయింది. మళ్లీ చెబుతున్నాను, వేడిమీద మూత తీయకండి. వేడెక్కిన ట్యాంకులో ఒత్తిడికి పెట్రోల్ ఫౌంటెన్‌లా ఎగజిమ్ముతుంది. అమెరికాలో కార్చిచ్చు ఆర్పే సిబ్బందికి దీని గురించి ప్రత్యేకంగా హెచ్చరికలు ఉన్నాయి, అక్కడ మనుషులు కాలిపోయారు కాబట్టి. ట్యాంకు సగం కన్నా ఎక్కువ నిండి ఉండి ఇంజిన్ వేడిగా ఆగిపోయిందంటే ఇంకా జాగ్రత్త. మన మే నెల ఎండలో ఇది చిన్న విషయం కాదు.

నాలుగోది ట్యాంకులో ఫిల్టర్. వంచిన తీగతో బయటికి లాగి చూడండి. నల్లబడితే మార్చండి, కడిగి మళ్లీ వేయకండి. ఎలక్ట్రానిక్ మెషీన్‌కి కంపెనీ చెప్పిన ఫిల్టరే వేయాలి. పది రూపాయలు మిగులుతాయని లోకల్ ఫిల్టర్ వేస్తే, దాన్ని దాటిపోయిన సన్నటి మడ్డి సోలెనాయిడ్ వాల్వులో ఇరుక్కుంటుంది. స్క్రూల కార్బొరేటర్‌ని విప్పి కడగొచ్చు. ఈ వాల్వు ఇరుక్కుంటే చాలాసార్లు మార్చడమే.

ఎయిర్ ఫిల్టర్ గురించి చెప్పేదేముంది, దులపండి. ప్లగ్గు మాత్రం జాగ్రత్త. ఇందులో రెసిస్టర్ ఉన్న ప్లగ్గే వాడాలి, కోడ్‌లో ఆర్ అనే అక్షరం ఉంటుంది. అది లేని ప్లగ్గు వేస్తే స్పార్క్ బాగానే వస్తుంది, కానీ దాని విద్యుత్ గోల పక్కనే ఉన్న యూనిట్‌ని కంగారుపెడుతుంది. మెషీన్ కారణం లేకుండా దగ్గుతుంది, ఎవరికీ అంతుపట్టదు. బైకు ప్లగ్గు సరిపోయింది కదా అని బిగించేసిన మెషీన్లు నేను చూశాను. స్పార్క్ వస్తోందో లేదో చూడాలనుకుంటే ప్లగ్గు టోపీని గాల్లో వేలాడదీసి తాడు లాగకండి. ప్లగ్గు ఒంటిని ఇంజిన్ లోహానికి ఆనించే లాగాలి. అదీ పెట్రోల్ పొగ లేనిచోట, ప్లగ్గు రంధ్రానికి దూరంగా.

సైలెన్సర్‌లో నిప్పురవ్వలు ఆపే జాలీ ఉంటుంది. మసి పట్టి మూసుకుపోతే ఇంజిన్ ఊపిరాడక గింజుకుంటుంది. విప్పి ఇత్తడి బ్రష్షుతో రుద్దండి. సైలెన్సర్ విప్పారు కాబట్టి ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ పక్కలు కూడా చూడండి. మృదువుగా మెరుస్తుంటే మంచిది. నిలువు గీతలు పడి ఉంటే అక్కడ ఆగి కింద "కంప్యూటర్ దాచిపెట్టే జబ్బు" భాగం చదవండి.

ఇవన్నీ బాగుంటే వైర్లు. స్టార్టర్ కవర్ విప్పి, ఫ్లైవీల్ పక్కనుంచి పోయే వైర్లు ఎక్కడైనా ఒరుసుకుని ఇన్సులేషన్ పోయిందేమో, స్విచ్ దగ్గర కనెక్టర్ వదులైందేమో, ఎర్తింగ్ స్క్రూ తుప్పు పట్టిందేమో చూడండి. మన కొట్టాల్లో ఎలుకలు ముందు కొరికేది వైర్లనే. టెస్టింగ్ ల్యాంపూ బ్యాటరీ పెట్టి ఆ వైర్లని పరీక్షించకండి, బతికున్న యూనిట్‌ని అదే చంపుతుంది.

ఇంతవరకూ వచ్చాక కూడా స్టార్ట్ కాకపోతే అప్పుడు కేబుల్ ఉన్న షాపుకి వెళ్లండి. అక్కడ సోలెనాయిడ్, ఆ తర్వాత ఇగ్నిషన్ యూనిట్. వరసలో అన్నిటికన్నా చివర ఉన్నది యూనిట్ అని గమనించండి. మా బావమరిది విషయంలో షాపువాళ్లు మొట్టమొదట చెప్పింది దాన్నే.

చల్లగా ఉన్నప్పుడు ఒక లాగుకే స్టార్టయి, వేడిమీద మొండికేసే రకం ఇంకొకటి ఉంది. గట్టిగా కోసి వెంటనే ఆపేసి ఎండలో పెడితే, ఇంజిన్ వేడి పైకి పాకి కార్బొరేటర్లో పెట్రోల్ మరిగి బుడగలవుతుంది. ఆపే ముందు అర నిమిషం స్లోలో నడవనిచ్చి, నీడలో పెట్టండి. మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు బుడ్డ ఐదారుసార్లు నొక్కితే బుడగలు పోయి కొత్త పెట్రోల్ వస్తుంది. అప్పటికీ తగ్గకపోతే యూనిట్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ వేయాల్సి ఉందేమో షాపులో అడగండి. ఇది నిజంగా ఎలక్ట్రానిక్ సమస్య అయ్యే అవకాశం ఉన్న చోటు.

కంప్యూటర్ దాచిపెట్టే జబ్బు

మొదట్లో చెబుతానన్నది ఇదే. చైన్ సా ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ రెండు చివర్లా రబ్బరు సీళ్లు ఉంటాయి. కార్బొరేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది. వీటిలో ఏది పగిలినా దొంగదారిన గాలి లోపలికి పోతుంది. ఇంధనం పలచబడి, ఆయిల్ చాలక పిస్టన్ కాలుతుంది.

స్క్రూల మెషీన్‌లో ఇది వెంటనే బయటపడుతుంది. యాక్సిలరేటర్ వదిలినా వేగం దిగదు, స్లోలో నిలబడదు, మేస్త్రి "గాలి లాగుతోంది" అని చెవితోనే చెప్పేస్తాడు. ఎలక్ట్రానిక్ మెషీన్ అలా కాదు. గాలి ఎక్కువైందని గ్రహించి పెట్రోల్ పెంచుతుంది. సీలు ఇంకాస్త పగిలితే ఇంకాస్త పెంచుతుంది. మీకు తేడా తెలియదు. వాల్వు పూర్తిగా తెరుచుకున్నాక ఇక పెంచడానికి ఏమీ మిగలదు. ఆ రోజు మధ్యాహ్నం ఇంజిన్ పట్టేస్తుంది. "నిన్నటిదాకా బంగారంలా నడిచింది" అనే మాట నేను విన్నది ఎక్కువగా ఇలాంటి మెషీన్ల గురించే.

దీనికి నా మందు పుస్తకం. పాలవాడి లెక్కలా గోడ మీద రాసినా ఫరవాలేదు. వారానికోసారి నాలుగు సంగతులు రాయండి: చల్లగా ఉన్నప్పుడు ఎన్ని లాగులకి స్టార్టయింది, వేడిగా ఎన్ని లాగులకి, ఒక ట్యాంకు ఎన్ని నిమిషాలు వచ్చింది, యాక్సిలరేటర్ వదిలాక వేగం వెంటనే దిగిందా. ఒకే రకం కోతకి ట్యాంకు 40 నిమిషాలు వచ్చేది 32కి దిగిందంటే అది ఎందుకో అదనంగా తాగుతోంది. చైను పదునుగా ఉండి, ఫిల్టర్లు శుభ్రంగా ఉండి కూడా అలా ఉంటే షాపులో ప్రెజర్, వ్యాక్యూమ్ టెస్టు చేయించండి. ఇంజిన్ రంధ్రాలు మూసి, చేతిపంపుతో సుమారు అర బార్ ఒత్తిడి పెట్టి నిలుస్తుందో లేదో చూస్తారు, తర్వాత అంతే శూన్యం పెట్టి చూస్తారు. సీళ్ల జత మార్చడానికి అయ్యేది పిస్టన్, సిలిండర్ సెట్టు ధరలో చిన్న ముక్క. పిస్టన్‌కి గీతలు పడ్డాక కూడా, కారణం కనుక్కోకుండా కొత్త సెట్టు వేస్తే అదీ ఆ దారినే పోతుంది.

పక్కన పెట్టేటప్పుడు

కోత సీజన్ అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్ రకమైతే తనంతట తాను ఆగేదాకా స్లోలో నడపండి. ఇంజెక్షన్ రకానికి మాన్యువల్ ఏం చెబితే అది చేయండి. ప్రెజర్ నీళ్లతో కడగొద్దు, కనెక్టర్లలోకి నీళ్లు పోతాయి. బ్రష్షు, గాలి చాలు. సైలెన్సర్ నోటికి గుడ్డ కట్టండి, లేకపోతే మట్టిపురుగు అందులో గూడు కడుతుంది. ఎలుకల సంగతి ముందే చెప్పాను, డబ్బాలో పెట్టి మూతవేయండి.

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబర్ 12న విశాఖని తాకింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ శ్రీకాకుళం మీద పడింది. రోడ్ల మీద పడిన చెట్లు తీయడానికి చైన్ సా కావాల్సి వచ్చేది సరిగ్గా ఇది కొట్టంలో మగ్గి ఉన్న నెలల్లోనే. తీరం వెంబడి ఉన్నవాళ్లు సెప్టెంబర్ చివరిలో ఒకసారి కొత్త పెట్రోల్ పోసి, స్టార్ట్ చేసి, రెండు మొద్దులు కోసి చూసుకోండి. తుపాను హెచ్చరిక వచ్చాక చూసుకుంటే మెకానిక్ ఫోన్ ఎత్తడు.

సెకండ్ హ్యాండ్ అయితే

అమ్మేవాడికి "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకు" అని చెప్పండి. వెళ్లగానే సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ముందే వేడిచేసి ఉంచాడు, ఎందుకో అనుమానించండి. చల్లగా స్టార్ట్ చేయించి, మొద్దు కోయించి, ఆపి, పది నిమిషాలు టీ తాగి, మళ్లీ స్టార్ట్ చేయించండి. ఈ రెండోసారి స్టార్ట్ అవడమే అసలు పరీక్ష. వీలైతే కేబుల్ ఉన్న షాపులో కలిసి, మెషీన్ తిరిగిన గంటలు చూశాకే డబ్బివ్వండి. "ఒక్క సీజనే వాడా" అన్న మెషీన్ ఎన్ని గంటలు తిరిగిందో అక్కడ అంకెల్లో కనిపిస్తుంది.

సర్వీసుకి ఇచ్చేటప్పుడు

"స్టార్టవట్లేదు" అని మాత్రం చెప్పి వదిలి రావద్దు. కాగితం మీద రాసివ్వండి: చల్లగా ఉన్నప్పుడా, వేడి మీదా, ఎన్ని నిమిషాలకి ఆగుతోంది, పైన చెప్పిన వరసలో మీరు ఏవి చూశారు, పెట్రోల్ ఎప్పుడు కలిపింది. ఆ కాగితం ఫోటో తీసుకోండి. యూనిట్ మార్చాలంటే, లోపం కోడ్ తెరమీద చూపించమని అడగండి. అదే మోడల్ మెషీన్ ఇంకొకటి షాపులో ఉంటే దాని యూనిట్ వేసి నడుస్తుందేమో చూడమనండి. మార్చేశాక పాత యూనిట్ మీది, అడిగి తీసుకోండి.